ఇద్దరు జాన్‌లు, ఒకే కౌంటీ: 1750ల నాటి పూర్వీకుడిని భూమి కాగితాల్లో వెతకడం ఎలా?

కేరీ_కోడలు

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. పద్నాలుగేళ్ళుగా నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో ఉంటున్నాను. మా ఆయన ఇక్కడివాడే. మా అత్తగారికి ఈమధ్యే 81 నిండాయి. ఆవిడకి ఒక్కటే పట్టుదల: తన పుట్టింటి వంశంలో ఈ రాష్ట్రానికి మొదట వచ్చిన పెద్దాయన ఎవరి కొడుకో తెలియాలి. అసలు పేరు ఇక్కడ పెట్టను, జాన్ అనుకుందాం.

ఇంట్లో చెప్పుకునేది ఇంతే. 1750ల్లో వర్జీనియా నుంచి బండి కట్టుకుని వచ్చి, ఆరెంజ్ కౌంటీలో న్యూ హోప్ క్రీక్ ఒడ్డున భూమి తీసుకున్నాడట. ఆయన మనవడి దగ్గర్నుంచి ఇటు కుటుంబ బైబిల్లో పేర్లన్నీ ఉన్నాయి. అటు వెళ్తే గోడే. ఈ రాష్ట్రంలో జనన మరణాల నమోదు 1913లో గానీ మొదలవలేదు. 1790 జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది, మిగతావాళ్ళు అంకెలే. చర్చి పుస్తకాలు దొరకలేదు.

ఇంటర్నెట్‌లో పెట్టిన వంశవృక్షాల్లో మాత్రం, హా నది దగ్గర బాగా ఆస్తిపరుడైన ఒకాయన్ని మా జాన్‌కి తండ్రిగా చూపిస్తున్నారు. ఆయన వీలునామాలో "నా కొడుకు జాన్" అని ఉంది కాబట్టి అట. అంతకు మించి రుజువేమిటని అడిగితే ఎవరూ జవాబివ్వడం లేదు.

"డీడ్లు, ప్రొబేట్ చూడు" అని ఇంగ్లీషు గ్రూపులో చెప్పారు, అంటే భూమి దస్తావేజులు, చనిపోయినవాళ్ళ ఆస్తి గురించి కోర్టులో ఉండే కాగితాలు. తెరిచి చూస్తే ఆ చేతిరాతకీ ఆ భాషకీ కళ్ళు తిరిగాయి. ఇలాంటి కాగితాలు చదవడం అలవాటున్నవాళ్ళు మనలో ఎవరైనా ఉంటే దారి చెప్పండి, ప్లీజ్.

దస్తావేజు_తాత

అమ్మాయ్, నేను తెనాలిలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట ముప్పై నాలుగేళ్ళు దస్తావేజు లేఖరిగా పనిచేశాను. ఇప్పుడు డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా వీధిలో ఒక పెద్దమనిషి తన వర్జీనియా తాతముత్తాతల కాగితాలు చూపిస్తే కూర్చుని చదివిపెట్టాను. అప్పట్నుంచి నాకు ఇదే వ్యాపకం. భయపడకు. ఈ కాగితాల కంటే మన పాత గ్రాంథికం దస్తావేజులే కష్టం.

ఒంగోలులో స్థలం కొనేటప్పుడు నువ్వు మొదట ఏం అడుగుతావు? లింకు డాక్యుమెంట్లు. అమ్మేవాడికి ఇది ఎలా వచ్చింది? కొన్నాడా, దానంగా వచ్చిందా, వీలునామా వల్ల వచ్చిందా, వారసత్వమా? 1750 నాటి వర్జీనియాలోనైనా అడగాల్సింది అదే. మనిషి పుట్టుక ఎవరూ రాయలేదు గానీ, ఎకరం చేతులు మారితే మాత్రం రాయకుండా ఉండలేదు.

ఒక పెద్ద కాగితం తీసుకుని మధ్యలో గీత గియ్యి. ఎడమవైపు జాన్ పుచ్చుకున్న ప్రతి భూమి, కుడివైపు వదిలిన ప్రతి భూమి. వాళ్ళ ఇండెక్సుల్లో ఇచ్చినవాళ్ళని గ్రాంటర్ అంటారు, పుచ్చుకున్నవాళ్ళని గ్రాంటీ అంటారు. రెండూ చూడాలి. ఒకదానికొకటి జత కడుతూ పో. జత లేనిదే నీకు కావలసినది. కుడివైపు అమ్మిన భూమి ఉండి, ఎడమవైపు దాన్ని కొన్న కాగితం లేదనుకో, అది ఆయనకి ఎవరి దగ్గర్నుంచో దిగింది. తండ్రి నుంచి కావచ్చు, భార్య పుట్టింటి నుంచీ కావచ్చు. అక్కడ ఆగి తవ్వు.

ఇంకో మాట. సాక్షుల పేర్లు, హద్దుదారుల పేర్లు వదిలేయకుండా రాసుకో. మన చెక్కుబందీలో తూర్పు ఫలానావారి చేను అని రాసినట్టే వాళ్ళూ రాస్తారు. సంతకం రానివాళ్ళు నిశాని పెడతారు. ఒక్కొక్కరి నిశాని ఒక్కో తీరుగా ఉంటుంది. ఆ గుర్తుని ఉన్నదున్నట్టు గీసుకో.

పేరు చివర సీనియర్, జూనియర్ అని ఉంటే తండ్రీకొడుకులని అనుకోవద్దు. ఆ చుట్టుపక్కల అదే పేరున్న పెద్దవాడు, చిన్నవాడు అని మాత్రమే. పెద్దవాడు పోతే నిన్నటి జూనియర్ సీనియర్ అవుతాడు. "సన్ ఇన్ లా" అంటే అల్లుడే కానక్కర్లేదు, భార్య మొదటి పెళ్ళి కొడుకు కూడా కావచ్చు. "కజిన్" అని రాసిన చోట మేనల్లుడు తేలిన సందర్భాలు ఉన్నాయి.

రిచ్‌మండ్_తెలుగు

తాతగారు అసలు సంగతి చెప్పేశారు. నేను ఎక్కడ వెతకాలో చెప్తాను.

ముందు కౌంటీల విభజన. 2016లో తెలంగాణ జిల్లాలు, 2022లో ఆంధ్ర జిల్లాలు విడిపోయినట్టే ఇక్కడా జనం పెరిగేకొద్దీ కౌంటీలు విడగొట్టారు. మీరున్న వేక్ కౌంటీ 1771లో పుట్టింది, జాన్‌స్టన్, కంబర్లాండ్, ఆరెంజ్ నుంచి ముక్కలు తీసి. ఆరెంజ్ కూడా 1752 దాకా లేదు. అదే ఏడు 1771లో ఆరెంజ్ నుంచి చాతం వేరుపడింది. మనిషి ఇల్లు కదలకపోయినా ఆయన కాగితాలు మూడు కౌంటీల్లో ఉండొచ్చు. కౌంటీ మారినప్పుడు పాత పుస్తకాలు పాత కౌంటీలోనే ఉండిపోతాయి.

తర్వాత గ్రాంటుకీ డీడ్‌కీ తేడా. రాజు నుంచో ప్రభువు నుంచో భూమి మొదటిసారి మనిషి చేతికొస్తే వర్జీనియాలో పేటెంట్ అంటారు, మీ దగ్గర గ్రాంట్ అంటారు. ఆ తర్వాత మనిషికీ మనిషికీ మధ్య జరిగేది డీడ్. రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి. ఫెడరల్ ప్రభుత్వం భూముల వెబ్‌సైట్లో వెతికి టైమ్ వృథా చేసుకోకండి. మొదటి పదమూడు కాలనీల భూమి అందులో ఉండదు.

నార్త్ కరోలినా ఉత్తర సగం అప్పట్లో గ్రాన్‌విల్ ప్రభువు సొంతం. కాలనీకి ఆయనతో పాటు ఉమ్మడి యజమానులైన మిగతా ఏడుగురి వారసులు 1729లో తమ వాటాలు రాజుకి అమ్మేస్తే ఆయన అమ్మలేదు. ఆయన ఏజెంట్లు 1748 నుంచి భూమి ఇచ్చారు. 1763లో ఆయన చనిపోగానే ఆఫీసు మూతపడింది. మళ్ళీ 1778లో కొత్త రాష్ట్రం తెరిచేదాకా ఆ ప్రాంతంలో కొత్తగా ఎవరికీ గ్రాంటు రాలేదు. ఆ పదిహేనేళ్ళలో ఒకరి పేరు గ్రాంటుల్లో లేదంటే అక్కడ లేనట్టు కాదు. పట్టా లేకుండా సాగు చేసుకుంటున్నారని అర్థం చేసుకోవాలి. మీ జాన్ 1750ల్లో వచ్చాడు కాబట్టి అదృష్టవంతులు.

రాలీలో జోన్స్ స్ట్రీట్ మీద స్టేట్ ఆర్కైవ్స్ ఉంది కదా, మీకు అరగంట దారి. అక్కడ ఎస్టేట్ ఫైళ్ళు అడగండి. వీలునామా పుస్తకంలో గుమాస్తా రాసుకున్న నకలు ఉంటుంది. ఎస్టేట్ ఫైల్లో అసలు చీటీలు, బాండ్లు, రసీదులు ఉంటాయి. వర్జీనియా పేటెంట్లు మా ఊళ్ళోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియా స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది.

ఒక బాధ కూడా చెప్పాలి. అంతర్యుద్ధం రోజుల్లో భద్రంగా ఉంటాయని కొన్ని కౌంటీలు తమ పుస్తకాలు రిచ్‌మండ్‌కి పంపాయి. 1865 ఏప్రిల్‌లో నగరం ఖాళీ చేసేటప్పుడు అంటుకున్న మంటల్లో అవి కాలిపోయాయి. హానోవర్ కౌంటీ వంశాల వాళ్ళు ఇప్పటికీ ఆ మాట తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకుంటారు.

బే_ఏరియా_బాటసారి

ఇంత కష్టం ఎందుకండీ? డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే తేలిపోదా? పైగా రెండొందల మంది వృక్షాల్లో అదే తండ్రి ఉన్నాడంటే తప్పు అవుతుందా?

రిచ్‌మండ్_తెలుగు

రెండొందల మంది ఒకే చోట నుంచి కాపీ చేసుకుంటే అది ఒక్క సాక్ష్యమే అండీ. డీఎన్ఏ విషయానికొస్తే, ఏడెనిమిది తరాల వెనక్కి వెళ్ళాక దాయాదుల మధ్య పంచుకున్న ముక్క ఏమీ మిగలకపోవచ్చు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై డీఎన్ఏ అయితే, ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు ఒకటా కాదా అని చెప్పగలదు. ఫలానా అన్నదమ్ముల్లో ఎవరు తండ్రో చెప్పలేదు. అది కాగితమే చెప్పాలి.

కేరీ_కోడలు

తాతగారూ, మీరు చెప్పినట్టే గీత గీశాను. రెండు శనివారాలు ఆర్కైవ్స్‌లోనే గడిపాను. ఆరెంజ్ కౌంటీలో అదే పేరుతో ఇద్దరు జాన్‌లు ఉన్నారు! ఒకాయన భూములన్నీ హా నది వైపు. ఆయన సంతకం చేస్తాడు. ఇంకొకాయన భూమి న్యూ హోప్ మీద, నిశాని పెడతాడు. ఇంగ్లీషు ఐ అక్షరం నిలువుగా గీసి, నడుమ అడ్డంగా చిన్న గీత. గ్రాన్‌విల్ గ్రాంటు కాగితం మీద కూడా అదే గుర్తుంది.

హా నది జాన్ తన తండ్రి వీలునామా వల్ల వచ్చిన భూమిని కొన్నేళ్ళకి అమ్మేసి సౌత్ కరోలినా వెళ్ళిపోయాడు. అమ్మేటప్పుడే "ఇప్పుడు సౌత్ కరోలినా వాసి" అని రాశారు. మా జాన్ న్యూ హోప్ మీదే చనిపోయాడు. అంటే వృక్షాల్లో చూపిస్తున్న తండ్రి మా ఆయన తండ్రి కాదు. అత్తగారికి చెప్తే కాసేపు మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ ఆ ఆస్తిపరుడి పేరే పిల్లలకి చెప్పుకుంటూ వచ్చారు.

ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చాను. గ్రాంటులో కొలతలు కూడా ఉన్నాయి గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. "తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, తూర్పుగా ఇన్ని పోల్స్, హికరీ చెట్టుకి, అక్కడి నుంచి దక్షిణంగా..." అని ఉంది.

ఓరుగల్లు_గొలుసు

అక్కా, నేను వరంగల్‌లో సర్వేయర్‌ని. ఈ కొలతలు చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఇది మన గొలుసే!

గంటర్ గొలుసు అంటారు, 66 అడుగులు, వంద లింకులు. గొలుసుకి నాలుగు పోల్స్. అంటే పోల్ పదహారున్నర అడుగులు. పొడవు పది గొలుసులు, వెడల్పు ఒక గొలుసు ఉంటే ఎకరం. ఇంగ్లీషువాళ్ళు ఈ గొలుసునే అక్కడికీ తీసుకెళ్ళారు, మన దగ్గరికీ తెచ్చారు. సెంటు అంటే సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. గుంట అంటే అర గొలుసు పొడవు, అర గొలుసు వెడల్పు, 33 అడుగులు చతురస్రం. మీ జాన్ భూమినీ మా నాన్న పొలాన్నీ కొలిచిన లెక్క ఒక్కటే.

గ్రాఫ్ కాగితం మీద గీయండి. ఒక గడి పది పోల్స్ అనుకోండి. మొదటి చెట్టు దగ్గర చుక్క పెట్టి, చెప్పిన దిక్కులో చెప్పినంత గీసుకుంటూ పోతే చివరికి మళ్ళీ ఆ చెట్టు దగ్గరికే రావాలి. రాకపోతే నకలు రాసిన గుమాస్తా ఒక గీత వదిలేశాడని లెక్క. పక్కవాళ్ళ గ్రాంటులు కూడా గీసి ముక్కలు కత్తిరించి అతికించండి. వాగు వంపులు కలిశాయంటే పటం సరిగ్గా కుదిరినట్టే. జార్జ్ వాషింగ్టన్ కూడా పదిహేడేళ్ళకే, 1749లో, వర్జీనియాలోని కల్పెపర్ కౌంటీకి సర్వేయరై ఇలాగే గొలుసు లాగించాడు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. సర్వే పటం కింద చిన్నక్షరాల్లో రెండు పేర్లుంటాయి చూడండి. అవి గొలుసు పట్టినవాళ్ళవి, ప్రమాణం చేయించి మరీ పట్టించేవాళ్ళు. మా డిపార్ట్‌మెంట్లో చైన్‌మన్ ఉద్యోగం ఉంది. వాళ్ళకి అక్కడ జీతగాడు లేడు. భూమి తీసుకునేవాడే మనుషుల్ని తెచ్చుకోవాలి. అడవిలో రోజంతా గొలుసు లాగడానికి ఎవరొస్తారు? తమ్ముడు, బావమరిది, పక్కింటి కుర్రాడు. ఆ రెండు పేర్లు చెప్పండి అక్కా.

కేరీ_కోడలు

తమ్ముడూ, ఇప్పుడే భూతద్దం పెట్టి చూశాను. ఒక పేరు ఎవరో తెలియదు. రెండో పేరుకి మా జాన్ ఇంటిపేరే! మొదటి పేరు చాలా అరుదైన బైబిలు పేరు. మా కుటుంబంలో ఎవరూ ఎప్పుడూ ఆ పేరు చెప్పలేదు. చేతులు వణుకుతున్నాయి.

దస్తావేజు_తాత

ఇక జాన్‌ని వదిలెయ్యి. ఆ అరుదైన పేరువాణ్ణి పట్టుకో. వర్జీనియాలో జాన్‌లు వందలు. ఆ పేరువాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్ వాళ్ళు 2024 నుంచి పాత చేతిరాతని కంప్యూటర్‌తో చదివించి, పదం కొడితే వెతికేలా పెట్టారు. మొదట పెట్టినవాటిలో అమెరికా భూమి, ప్రొబేట్ పుస్తకాలున్నాయి. డబ్బు కట్టక్కర్లేదు. గుట్టలుగా పేరుకున్న పుస్తకాలు తిరగేయక్కర్లేకుండా, అందులో ఆ పేరు కొట్టు. అచ్చరం తేడాగా కూడా కొట్టి చూడు. పాతరాతలో పదం నడుమ వచ్చే ఎస్ పొడుగ్గా ఎఫ్‌లా కనిపిస్తుంది, కంప్యూటర్ కూడా మోసపోతుంది. ఐ, జె అక్షరాలు కూడా పాత ఇండెక్సుల్లో కలిసే ఉంటాయి.

చార్లెస్_ఒడ్డున

మధ్యలో వస్తున్నాను. బాస్టన్ వైపు వెతికేవాళ్ళు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే: ఇక్కడ లెక్క వేరు. మసాచుసెట్స్‌లో డీడ్లు కౌంటీలో ఉంటాయి, కనెక్టికట్, రోడ్ ఐలండ్‌లలో టౌన్ ఆఫీసులో ఉంటాయి. కాలనీ కాలంలో మసాచుసెట్స్‌లో తండ్రి వీలునామా రాయకుండా పోతే పెద్దకొడుక్కి రెండు వాటాలు, మిగతా పిల్లలకి తలా ఒకటి. అందుకని ప్రొబేట్ పంపకంలో వాటాలు లెక్కపెడితే పిల్లలెందరో, పెద్దవాడెవరో తెలిసిపోతుంది. వర్జీనియాలో ఇలా ఉండదనుకుంటా?

రిచ్‌మండ్_తెలుగు

ఉండదండీ. ఇక్కడ వీలునామా లేకపోతే భూమంతా పెద్దకొడుక్కే. ఆ చట్టం వర్జీనియాలో 1787 జనవరి దాకా నడిచింది, నార్త్ కరోలినాలో 1784లో పోయింది. అబ్రహాం లింకన్ తాతగారు 1786లో, అప్పటికి వర్జీనియాలోనే ఉన్న కెంటకీ పొలంలో చనిపోయారు. భూమి పెద్దకొడుకు మోర్డెకైకి వెళ్ళింది. చిన్నవాడు థామస్, అంటే లింకన్ తండ్రి, చేతిలో ఏమీ లేకుండా కూలిపనులు చేసుకుంటూ పెరిగాడు. ఇంకో ఎనిమిది నెలలు దాటి ఉంటే చట్టం వేరు.

అందుకే వర్జీనియా వీలునామాలో పెద్దకొడుకు పేరు లేకపోతే కొడుకే లేడనుకోకూడదు. ఆయనకి రాయాల్సిన పని లేదు, చట్టమే ఇచ్చేస్తుంది. ఒక్క షిల్లింగు రాస్తే కోపంతో రాశాడనీ అనుకోకూడదు. తన వాటా ముందే పుచ్చుకున్నవాడికి అలా రాసేవారు.

భార్యల పేర్లకి ఒక చిట్కా. భర్త భూమిలో మూడో వంతు మీద వితంతువుకి జీవితకాలం హక్కుంది. కాబట్టి భూమి అమ్మితే భార్య ఆ హక్కు వదులుకోవాలి. భర్త ఎదురుగా లేకుండా ఆమెని పక్కకి తీసుకెళ్ళి, ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నావా అని అడిగి రాసేవారు. చాలామంది ఆడవాళ్ళ పేరు లోకంలో మిగిలింది ఆ నాలుగు లైన్లలోనే.

కేరీ_కోడలు

వారం రోజులు నిద్ర లేదు. దొరికింది!

ఆ అరుదైన పేరు కొడితే వర్జీనియాలో అమీలియా కౌంటీ కోర్టు పుస్తకంలో తగిలింది. అందులో ఆ అబ్బాయిని "అనాథ" అన్నారు, తన గార్డియన్‌గా జాన్‌ని ఎంచుకున్నాడు అని ఉంది. తల్లి ఏమైందో తెలియదు. ఇంటిపేరు అదే. అమీలియా డీడ్లలో జాన్ పేరు వెతికాను. మొదట ఒక జత కాగితాలు చూసి బెంబేలెత్తాను. ఒకరోజు అయిదు షిల్లింగులకి ఏడాది కౌలుకిచ్చాడు, మర్నాడే అదే మనిషికి అమ్మేశాడు. ఇదేం బేరం?

దస్తావేజు_తాత

కంగారుపడకు. అది ఒకే అమ్మకం. లీజు, రిలీజు అని రెండు కాగితాలతో చేసే పద్ధతి. ముందు నామమాత్రపు కౌలుతో కొనేవాడిని భూమి మీద ఉన్నట్టు చూపించి, మర్నాడు మిగతా హక్కు వదులుతారు. అయిదు షిల్లింగులు లెక్కలోకి రాదు, అసలు ధర రెండో కాగితంలో ఉంటుంది. తేదీ కూడా జాగ్రత్త. 1752 దాకా వాళ్ళకి కొత్త సంవత్సరం మార్చి 25న. ఫిబ్రవరి కాగితం మీద రెండు సంవత్సరాలు గీత పెట్టి రాస్తే అదే కారణం. ఆ ఏడే సెప్టెంబర్ 2 తర్వాతి రోజు 14 అయింది.

రెండో కాగితం పూర్తిగా చదివావా? భూమి ఎలా వచ్చిందో చెప్పే పేరా ఉంటుంది, "సదరు భూమి" అని మనం రాసే చోట.

కేరీ_కోడలు

ఇప్పుడు చదివాను తాతగారూ. పదం పదం కూడబలుక్కుని మూడుసార్లు చదివాను. అమ్మేవాడు "నార్త్ కరోలినా ప్రావిన్సు, ఆరెంజ్ కౌంటీ వాసి". భూమి ఒకాయనకి పేటెంట్‌గా వచ్చింది, ఆయన వీలునామా లేకుండా చనిపోతే "పెద్దకొడుకు, చట్టరీత్యా వారసుడు" అయిన ఈ జాన్‌కి సంక్రమించింది. తండ్రి పేరు స్పష్టంగా ఉంది. అడుగున ఐ అక్షరం, నడుమ అడ్డగీత. భార్య హక్కు వదులుకున్నట్టు పక్క పేజీలో ఉంది, అదే భార్య పేరు న్యూ హోప్ కాగితాల్లోనూ ఉంది.

కొనకుండా అమ్మిన భూమి. మీరు మొదటిరోజే చెప్పారు.

దస్తావేజు_తాత

తల్లీ, నాకు కళ్ళు చెమర్చాయి. అయినా పని చివరంటా చెయ్యాలి. ఆ పుస్తకంలో ఉన్నది గుమాస్తా గీసిన నిశాని, అసలుది కాదు. కాబట్టి ఆ ఒక్క గుర్తు మీదే నిలబడకు. నీకు నాలుగు కాళ్ళున్నాయి: నివాసం, భార్య పేరు, గొలుసు పట్టిన తమ్ముడు, నిశాని. అమీలియాలో ఆ తండ్రి ఆస్తికి అడ్మినిస్ట్రేటర్ బాండు ఉంటుంది, అంటే ఆ ఆస్తి వ్యవహారం చూసేవాడు కోర్టుకి రాసిచ్చిన హామీపత్రం, అది తీసుకో. దాని మీద జామీను పడ్డవాళ్ళలో తరచుగా వితంతువు అన్నదమ్ములు ఉంటారు. తల్లి పుట్టింటి పేరు అక్కడ దొరకొచ్చు.

కేరీ_కోడలు

తప్పకుండా. ఇంకొక విషయం ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ రాయలేదు. మా జాన్ చనిపోయాక న్యూ హోప్ ఇంట్లో రాసిన ఆస్తి జాబితా ఎస్టేట్ ఫైల్లో దొరికింది. ముగ్గురు పొరుగువాళ్ళు వచ్చి లెక్క రాశారు. ఈకల పరుపు. ఇనప కుండలు రెండు. ప్యూటర్ పళ్ళేలు ఆరు. తేనెటీగల పెట్టె. ఒక ఆవూ దూడా. ఆ తర్వాతి లైన్లో ఒక స్త్రీ పేరు, ఆమె పిల్లవాడి పేరు, పక్కన ధర. దాని కింద పాత జీను. అదే సిరా, అదే అక్షరాలు. ఆర్కైవ్స్‌లో ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నల్లరేగడి

అమ్మా, నేను అట్లాంటాలో ఉంటాను. నా భార్య పూర్వీకులు నార్త్ కరోలినాలో బానిసలుగా ఉన్నవాళ్ళు. మీరు రాసినందుకు కృతజ్ఞతలు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళందరి పేర్లూ జనాభా లెక్కల్లో మొదటిసారి వచ్చింది 1870లో. అంతకు ముందు వెతకాలంటే మాకు దారి ఇలాంటి జాబితాలే. మీ అత్తగారికి తండ్రి పేరు ఇచ్చిన ఫైలే ఇంకెవరికో తల్లి పేరు ఇస్తుంది.

ఒక్క సాయం చేయండి. ఆ పేజీ ఫొటో, ఫైలు వివరాలు భద్రపరచండి. ఆస్తి పంపకం కాగితం ఉంటే ఆమె, ఆ పిల్లవాడు ఎవరి వాటాకి వెళ్ళారో చూడండి. కూతురి వాటాకి వెళ్తే అల్లుడి ఇంటిపేరుతో, వేరే కౌంటీలో వెతకాలి. తల్లీబిడ్డల్ని కలిపి ఉంచారో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. మనుషుల్ని అమ్మినట్టు, ఇచ్చినట్టు రాసిన డీడ్లని గ్రీన్స్‌బరోలోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా వాళ్ళు పేర్లతో సహా ఒకచోట చేర్చి పెట్టారు, అందులోనూ చూడండి.

తాతగారు చెప్పిన దానపత్రంలో మనుషుల్ని కూడా కూతుళ్ళకి "ప్రేమాభిమానాలతో" రాసిచ్చేవారు. అదే వర్జీనియాలో రాబర్ట్ కార్టర్ 1791లో "డీడ్ ఆఫ్ గిఫ్ట్" అనే పేరుతోనే, తన కింద ఉన్న సుమారు అయిదొందల మందికి విడతలవారీగా స్వేచ్ఛ రాసిచ్చాడు. ఆ కాగితంతో పాటు వాళ్ళ పేర్లు, వయసులు కోర్టులో ఉన్నాయి. వాళ్ళ సంతతివారు ఈరోజు ఆ పేర్లు పట్టుకునే వెనక్కి వెళ్తున్నారు.

కేరీ_కోడలు

పంపకం కాగితం చూశాను అన్నగారూ. ఇద్దర్నీ కలిపే ఇచ్చారు, రెండో కూతురి వాటాకి. ఆ అల్లుడి భూములు చాతం కౌంటీలో ఉన్నట్టు తెలిసింది. అక్కడి పుస్తకాలు ఆర్కైవ్స్‌లో ఉన్నాయట, వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నాను. పేజీల ఫొటోలు మీకు మెసేజ్ చేశాను.

నిన్న తమ్ముడు చెప్పినట్టు గీసిన పటం పట్టుకుని, ఇప్పటి మ్యాప్ మీద పెట్టి చూశాం. జాన్ భూమిలో సగం జోర్డన్ లేక్ కింద ఉంది. 1980ల మొదట్లో నిండిన రిజర్వాయరు అది, మన శ్రీశైలం ముంపులాగే. మిగతా సగం గట్టు మీద పైన్ చెట్లు. ప్రతి వేసవిలో మన తెలుగువాళ్ళం పిక్నిక్‌కి వెళ్ళే ఒడ్డుకి రెండు మైళ్ళు కూడా లేదు.

అత్తగారిని తీసుకెళ్ళాను. కారు దిగి, కర్ర ఆనించుకుని నీళ్ళ దాకా నడిచారు. ఇంటికొచ్చాక బైబిల్ మొదటి పేజీ తీసి, పెన్సిలుతో జాన్ తండ్రి పేరు రాశారు. దాని కింద జాన్ నిశాని గీశారు, నిలువు గీత, అడ్డగీత. కాసేపు ఆగి "ఆ అమ్మాయి పేరు, పిల్లాడి పేరు ఎలా స్పెల్ చేశారో చూపించు" అని అడిగారు. నేను ఫోన్లో ఫొటో పెద్దది చేసి పట్టుకుంటే, ఒక్కో అక్షరం చూసుకుంటూ అవి కూడా అదే పేజీలో రాశారు.